మూడు గీతలూ ఒక గడీ: కృతజ్ఞతా ప్రార్థన డైరీతో తొమ్మిది నెలలు

ఈ డైరీని జనవరి 1న మొదలుపెట్టాను. సెప్టెంబరు ముగిసేసరికి, ఖాళీగా వదిలేసినవి పోను, రెండు వందలకు పైగా పుటలు నిండాయి. కొన్న వారానికే సమీక్ష వ్రాస్తే ఇటువంటి పుస్తకం గురించి చెప్పగలిగేది అట్ట, కాగితం, అచ్చు మాత్రమే. అది మనిషి ప్రార్థనను ఏం చేస్తుందో తెలియాలంటే మంచి రోజులలోనే కాక చెడ్డ రోజులలో కూడా దాన్ని తెరిచి ఉండాలి. ఈ తొమ్మిది నెలలలో నాకు రెండు రకాల రోజులూ ఎదురయ్యాయి. ప్రచురణకర్త పేరు వ్రాయడం లేదు. ఈ రకం డైరీలు ఇప్పుడు చాలానే వస్తున్నాయి, లోపలి అమరిక కూడా ఇంచుమించు ఒకటే, కనుక నా మెచ్చుకోళ్లూ ఫిర్యాదులూ వాటిలో చాలావాటికి వర్తిస్తాయి.

అమరిక సులువైనది. రోజుకొక పుట. పైన ఒక బైబిలు వచనం, దాని కింద "ఈరోజు పొందిన మేలులు" అన్న శీర్షికతో మూడు గీతలు, వాటి కింద "ఎవరి ద్వారా?" అని వ్రాసి ఉన్న చిన్న గడి, అడుగున "నా విన్నపం" కోసం రెండు గీతలు. నెల చివర ఒక పట్టిక ఉంటుంది. వ్రాసిన రోజులకు రంగు వేసుకుంటూ పోవాలి. ముందు మాట రెండు పుటలు, వెనక ఖాళీ కాగితాలు నాలుగు.

తయారీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కాగితం పలుచన, ఇంకు పెన్నుతో వ్రాస్తే నిన్నటి మేలు ఇవాళ్టి వచనం మీదికి మరకలా దిగుతుంది, అందుచేత బాల్‌పాయింటు పెన్నే వాడవలసి వచ్చింది. బైండింగు బిగుతుగా ఉండడం వల్ల బల్ల మీద తెరిచి పెడితే నిలవదు, ఎడమ చేత్తో నొక్కి పట్టుకుని వ్రాయాలి. ప్రార్థనకు రెండు చేతులూ జోడించాలంటే ముందు పుస్తకం మూయాలన్నమాట. గుర్తు కోసం కుట్టిన రిబ్బను నాలుగో నెలకే పోగులు విడిచింది. ఒకటి రెండు చోట్ల వచనం సంఖ్య తప్పు పడింది. ఇవన్నీ క్షమించదగినవే.

క్షమించడం కష్టమైన అచ్చు పొరపాటు ఒకటుంది. అది పొరపాటో, స్థలాభావమో తెలియదు. మార్చి నెలలో ఒక పుట పైన ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4:6 వేశారు. ఆ వచనంలో మూడు సంగతులున్నాయి: చింతపడవద్దు, ప్రతి విషయమూ ప్రార్థనలో దేవునికి తెలియజేయండి, అది "కృతజ్ఞతాపూర్వకముగా" చేయండి. అచ్చులో మొదటి సంగతి మాత్రమే ఉంది. కృతజ్ఞత కోసమే అచ్చయిన పుస్తకంలో కృతజ్ఞత అన్న మాటనే కత్తిరించి, చింతపడకండి అన్న ఆజ్ఞను ఒంటరిగా నిలబెట్టారు. చింతలో ఉన్న మనిషికి ఆ ఆజ్ఞ ఒక్కటే చెబితే అది మరో బరువు అవుతుంది. దానికి ఊతంగా ఆ పత్రిక వ్రాసిన అపొస్తలుడు పౌలు ఇచ్చిన పని ఏమిటో చెబితేనే అది సలహా అవుతుంది.

ఇక పుస్తకం చేసిన మంచిలోకి వస్తాను. మేలుల గీతలు పైన, విన్నపం గీతలు అడుగున ఉండడం చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, నా వరకు అదే మొదటి లాభం. ఇరవై ఏళ్లుగా నా ప్రార్థన ఇంచుమించు అడిగే జాబితా. కూర్చోగానే "ప్రభువా, అది ఇవ్వు, ఇది చూడు" అని మొదలై, సమయం మిగిలితే చివర ఒక స్తోత్రం చెప్పి లేవడం నా అలవాటు. ఈ పుస్తకం ఆ వరుసను తిరగేస్తుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1548లో అచ్చయిన, కాథలిక్ గురువు ఇగ్నేషియస్ లొయోలా వ్రాసిన "ఆధ్యాత్మిక సాధనలు" గ్రంథంలో దినాంత ఆత్మపరీక్షకు అయిదు మెట్లున్నాయి. వాటిలో మొదటిది పొందిన మేలులకు దేవునికి వందనాలు చెల్లించడం. తన పాపాలను చూసుకోవడం కూడా దాని తర్వాతే వస్తుంది. ప్రొటెస్టెంటుల వైపు చూస్తే, విశ్వాసాన్ని ప్రశ్నలూ జవాబులుగా నేర్పే 1563 నాటి హైడెల్బర్గ్ ప్రశ్నోత్తరిలో 129 ప్రశ్నలుంటే, 86వ ప్రశ్న నుండి ఆఖరు వరకు ఉన్న భాగానికి పేరే కృతజ్ఞత. పది ఆజ్ఞలనూ ప్రభువు నేర్పిన ప్రార్థననూ అందులోనే వివరిస్తారు; ప్రార్థన ఎందుకు అని 116వ ప్రశ్న అడిగితే, దేవుడు మన నుండి కోరే కృతజ్ఞతలో అదే ముఖ్యమైన భాగమని జవాబు. ఎన్నో విషయాలలో పడని ఈ రెండు శాఖలూ ఈ వరుస దగ్గర మాత్రం ఒకే మాట మీద ఉన్నాయి. డైరీ తయారుచేసినవారికి ఈ సంగతి తెలుసో లేదో ముందు మాటలో చెప్పలేదు, గాని గీతలు సరైన చోటనే గీశారు.

మొదటి రోజుల పుటలు ఇప్పుడు తిరగేస్తే సిగ్గుగా ఉంటుంది. "ఆరోగ్యం. కుటుంబం. ఉద్యోగం." మరుసటి రోజు "కుటుంబం. ఆరోగ్యం. ఉద్యోగం." పదకొండు రోజులు వరుస మార్చి అవే మూడు మాటలు వ్రాశాను. అబద్ధమేమీ కాదు, అవి నిజంగా మేలులే. కానీ ఆ మాటలు వ్రాసే చేతికీ లోపలి మనసుకూ సంబంధం లేదు. హాజరు పట్టీలో సంతకం పెట్టినట్టు పెట్టాను. పన్నెండో రోజు పుట పైన 136వ కీర్తనలోని వచనం వచ్చింది. ఆ కీర్తనలో 26 వచనాలు, ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును" అన్న పల్లవి. చిన్నప్పటి నుండి ఆ పల్లవే విన్నాను గాని, దాని ముందున్న సగాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదని ఆ రాత్రి తెలిసింది. సూర్యుడూ చంద్రుడూ అయిపోయాక ఆ కీర్తనకారుడు అమోరీయుల రాజైన సీహోను, బాషాను రాజైన ఓగు అని పేర్లు పెట్టి మరీ చెబుతాడు. వందల ఏళ్ల క్రితం ఓడిపోయిన ఒక చిన్న రాజు పేరు వందన కీర్తనలో ఎందుకు ఉండాలి? దేవుడు చేసిన ఉపకారం జరిగిన చోటుతో, ఎదురైన శత్రువుతో, పేరుతో సహా జరిగింది కనుక. 103వ కీర్తనలో "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అన్న మాటను కూడా ఈ వెలుగులో చదవాలి. మనసు టోకున తలచుకున్నది టోకునే మరచిపోతుంది.

ఆ రాత్రి నుండి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను: ఇవాళ కాక మరే రోజయినా వ్రాయగలిగిన మాటను ఇవాళ వ్రాయకూడదు. అప్పటి నుండి పుటలు మారాయి. "ఆఖరి బస్సు డ్రైవరు నేను పరుగెత్తడం అద్దంలో చూసి ఆపాడు." "రెండేళ్లుగా మాట్లాడని స్నేహితుడు పొరపాటున ఫోను చేశాడు. పొరపాటని చెప్పి కూడా పెట్టెయ్యలేదు." "జ్వరం తగ్గినట్టు థర్మామీటరు చూడకముందే అరచేతికి తెలిసింది." ఈ మూడింటిలో ఏదీ సాక్ష్యం చెప్పేటంత పెద్దది కాదు. కానీ వీటిని వ్రాయడానికి పగలంతా కళ్లు తెరిచి ఉండాలి. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4:2 "ప్రార్థనయందు నిలుకడగా ఉండి కృతజ్ఞతగలవారై దానియందు మెలకువగా ఉండుడి" అంటుంది. కృతజ్ఞతనూ మెలకువనూ ఒకే వాక్యంలో ఎందుకు కట్టారో మూడు గీతలు నింపే పని వల్లనే నాకు అర్థమైంది. చెరసాల నుండి వ్రాసిన ఆ చిన్న పత్రికలో నాలుగు అధ్యాయాలుంటే, నాలుగింటిలోనూ కృతజ్ఞత ప్రస్తావన ఉంది. అదే పౌలు గలతీయులకు వ్రాసినప్పుడు మాత్రం, అలవాటుగా చెప్పే వందనం లేకుండానే నేరుగా మందలింపులోకి దిగాడు; కాబట్టి ఆయన వందనం చెప్పిన చోట అది మర్యాద కోసం పెట్టిన పలకరింపు కాదని అనుకోవచ్చు.

ఇప్పుడు పట్టిక సంగతి. నెల చివర రంగు వేసుకునే ఈ గళ్ల పట్టిక పుస్తకంలో నాకు బొత్తిగా నచ్చని భాగం. ఒక్క రోజు తప్పినా వరుస తెగినట్టు కనిపిస్తుంది. ఆ తెగడం చూడలేక ఆదివారం సాయంత్రం కూర్చుని ఆరు రోజుల బాకీని ఒకే ఊపున తీర్చిన వారాలు నాకు ఉన్నాయి. అలా వ్రాసిన పుటలు వెంటనే గుర్తుపట్టవచ్చు: ఒకే ఇంకు, ఒకే వాలు, మళ్లీ ఆ పాత మాటలు. లేవీయకాండము 7వ అధ్యాయంలో సమాధాన బలుల నియమాలున్నాయి. మ్రొక్కుబడిగానో స్వేచ్ఛగానో అర్పించిన బలి మాంసాన్ని మరునాడు కూడా తినవచ్చు. కృతజ్ఞతార్పణగా అర్పించినదాన్ని మాత్రం ఆ రోజే తినెయ్యాలి, తెల్లవారేదాకా ఉంచకూడదు. ఆ నియమానికి పండితులు చెప్పే కారణాలు ఏవైనా, నా బాకీ పుటలను చూసుకున్నప్పుడు నాకు తోచిన అర్థం ఒకటే, నిలవ ఉంచిన వందనం పాడవుతుంది. డైరీవారు ఆ పట్టిక తీసేసి, తప్పిన రోజును తప్పినట్టే వదిలేయవచ్చునని ముందు మాటలో ఒక్క ముక్క వ్రాస్తే పుస్తకం బాగుపడుతుంది.

ముందు మాట గురించి కూడా ఒక మాట. కృతజ్ఞత వల్ల సంతోషం పెరుగుతుందని శాస్త్రజ్ఞులు నిరూపించారని అందులో ఉంది, అంతకు మించి వివరం లేదు. రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో బాగా తెలిసినది. అందులో ఒక బృందం కృతజ్ఞత కలిగించిన విషయాలను, మరొకటి చికాకు పెట్టినవాటిని, మూడోది ఏ రకానికీ చెందని సంఘటనలను, అయిదుకు మించకుండా వ్రాసింది. మొదటి ప్రయోగంలో ఆ వ్రాత వారానికి ఒకసారి, పది వారాల పాటు సాగింది. కృతజ్ఞతలు వ్రాసినవారు తమ జీవితం గురించి మిగిలినవారికంటే మెరుగ్గా చెప్పారు. సంతోషించదగ్గ ఫలితమే. కానీ ఆ ప్రయోగంలో వ్రాసినది ఎవరినీ ఉద్దేశించి కాదు. ప్రార్థనకు వచ్చేసరికి తేడా అక్కడే ఉంది. మేలు కలిగిందని గుర్తించడం ఒకటి, మేలు చేసినవానివైపు ముఖం తిప్పడం మరొకటి. ముందు మాట ఈ రెండింటినీ కలిపేసి, కృతజ్ఞతను నిద్ర పట్టడానికి మంచి మందులా సిఫారసు చేస్తుంది. నిద్ర పడితే సంతోషమే, గాని అందుకోసం వందనాలు చెల్లించేవాడు దేవుణ్ణి దిండుగా వాడుకుంటున్నట్టే.

ఆ తేడాను ముందు మాట మరచిపోయినా పుట మరచిపోలేదు. "ఎవరి ద్వారా?" అన్న గడి వైశాల్యం అగ్గిపెట్టెంత. పుస్తకంలో అన్నింటికంటే విలువైన చోటు అదే. దేవుడే ఇచ్చాడని మూడు గీతల మీద వ్రాసి ఊరుకోవడానికి భక్తిపరులకు మంచి అలవాటు ఉంది. ఆ మాట వెనక మనుషులను దాచేయడం కూడా తేలికే. గడి అలా దాటిపోనివ్వదు. బస్సు ఆపినవాడు ఎవరు? పేరు తెలుసా? తిరిగి కనిపిస్తే చెప్పావా?

మే నెలలో మా నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాము. ఆ నెల పుటలలో వ్రాత వంకర టింకరగా ఉంటుంది, ఎక్కువ భాగం మోకాలి మీద పెట్టుకుని వ్రాసినవే. ఒక పుటలో మూడు గీతలలో ఒకటే నిండి ఉంది: "రాత్రి రెండున్నరకు నాన్నగారిని నొప్పి తెలియకుండా పక్కకు తిప్పారు." ఒత్తిగిలి పడుకోవడం తనంతట తాను చేయలేని స్థితి, నేను పట్టుకుంటే మూలిగేవారు. రాత్రి డ్యూటీ నర్సు వచ్చి, దుప్పటిని నాలుగు మడతలు వేసి వీపు కింద దోపి, "మీరు ఆ కొస పట్టుకోండి, లాగవద్దు" అని చెప్పి, ఒక్క కదలికలో తిప్పేశారు. మూలుగు లేదు. కింద గడిలో "ఎవరి ద్వారా?" అన్న ప్రశ్నకు నేను వ్రాసింది "నర్సు". వ్రాసి ఆ మాటను చూస్తూ ఉండిపోయాను. ఆరు రాత్రులు ఆవిడ మా మంచం దగ్గరికి వచ్చి వెళ్లారు, పేరు నాకు తెలియదు.

నాన్నగారు ఇంటికి తిరిగి రాలేదు. జూన్ మొదటి వారంలో ఒక పుట మీద అచ్చు వచనం తప్ప మరేమీ లేదు, ఇప్పటికీ అలాగే ఉంచాను. ఆ వచనం మొదటి థెస్సలొనీకయులకు 5:18, "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి." తేదీలను బట్టి ముందే అచ్చయిన వచనాలు ఎవరి మీద ఏ రోజు పడతాయో తయారీదారులకు తెలిసే అవకాశం లేదు, కనుక నిందించడం లేదు. ఆ వచనాన్ని మాత్రం ఆ తర్వాత చాలా రోజులు చదివాను. అందులో ఉన్నది ప్రతి విషయమునందు అన్న మాట, గ్రీకులోనూ "లోపల" అన్న అర్థమిచ్చే పదమే. మరణాన్ని బట్టి వందనం చెప్పమని కాదు, మరణం ఉన్న ఇంట్లో ఉండి కూడా వందనం చెప్పే దారి మూసుకుపోలేదని. ఈ వివరణతో ఊరట పొంది అక్కడితో ఆపవచ్చు, గాని ఎఫెసీయులకు 5:20 అడ్డు వస్తుంది. అక్కడ "సమస్తమునుగూర్చి" అనే ఉంది. ఆ రెండు వచనాలనూ ఒకదానితో ఒకటి సరిపెట్టే నేర్పు నాకు లేదు. నాకు దారి చూపినవి యేసు స్వయంగా వందనాలు చెల్లించిన రెండు సందర్భాలు. తాను అప్పగింపబడిన రాత్రి రొట్టె పట్టుకుని ఆయన చేసినది అదే; ప్రభువు బల్లకు గ్రీకు సంఘం పెట్టుకున్న యూకరిస్టియా అన్న పేరుకు అర్థం కృతజ్ఞతాస్తుతి. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర కూడా తండ్రికి వందనం చెప్పాడు, యోహాను 11:41లో. అంతకు ఆరు వచనాల ముందు, 11:35లో, ఆయన ఏడ్చాడు. వందనం చెప్పడానికి ముందు కన్నీళ్లు తుడుచుకున్నట్టు సువార్తలో ఎక్కడా లేదు.

డైరీలో లోపించినది ఆ 35వ వచనం. నేను నింపిన పుటలనూ నింపనివాటినీ సంవత్సరాంతం దాకా తిరగేసి చూశాను, పై వచనాలలో ఒక్కటి కూడా విలాపం కాదు. కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలుంటే వాటిలో మొరలూ విలాపాలూ ఎన్నో. 13వ కీర్తన ఎన్నాళ్లు అని అడుగుతూ మొదలై, ఆరే వచనాలలో పాటలోకి తేలుతుంది. 88వ కీర్తనకు ఆ తేలడం కూడా లేదు, చీకటి మాటతోనే ముగుస్తుంది. అయినా అది దేవుణ్ణి పిలుస్తూ చెప్పిన ప్రార్థనే, ప్రార్థనల పుస్తకంలోనే దాన్ని ఉంచారు. వందన కీర్తనలు ఆ మొరల పక్కన నిలబడి ఉన్నాయి కనుకనే వాటిని నమ్ముతాము. ఈ డైరీలో మొరకు ఒక్క గీతైనా లేదు. జూన్ రెండో వారంలో నేను స్కేలు పెట్టి, మూడు గీతలకు పైన పెన్సిలుతో నాలుగో గీత గీసుకున్నాను. దానికి శీర్షిక పెట్టలేదు. కొన్ని రోజులు అది ఒక్కటే నిండింది. నిండిన తర్వాత కిందివాటిలో ఒకటి కూడా, బలవంతం లేకుండా, నిండడం మొదలైంది.

అదే కాలంలో మరొక పుట నన్ను పుస్తకం విసిరేసేదాకా తెచ్చింది. నెలకోసారి వచ్చే "ప్రత్యేక అభ్యాసం" పుటలో, మీకంటే తక్కువ స్థితిలో ఉన్న ముగ్గురిని తలచుకుని, వారిలా లేనందుకు దేవునికి వందనాలు చెల్లించండి అని ఉంది. మంచి మనసుతోనే వ్రాసి ఉంటారు. కానీ ఈ ప్రార్థన బైబిలులో ఇంచుమించు ఇవే మాటలతో ఉంది, లూకా 18:11లో. దేవాలయంలో నిలబడి, ఇతర మనుషులవలె, ఈ సుంకరివలె (పన్ను వసూలుచేసేవానివలె) నేను లేనందుకు నీకు వందనాలని చెప్పిన పరిసయ్యుడిది, అంటే ధర్మశాస్త్ర నిష్ఠాపరుడిది అది. ఆయన నోట కృతజ్ఞత అన్న మాట ఉంది, దేవుని పేరు ఉంది, చెప్పిన సంగతులు అబద్ధాలు అయి ఉండనక్కరలేదు; అయినా నీతిమంతునిగా ఇంటికి వెళ్లినవాడు సుంకరే. పక్కవాడి లేమిని కొలబద్దగా పెట్టుకుని చెప్పిన వందనం ఎక్కడికి చేరదో ప్రభువు చెప్పాక, దాన్నే అభ్యాసంగా ఇవ్వడం పొరపాటు. ఆ పక్క మంచాల మధ్య రాత్రులు గడిపినవాడిగా ఇంకొకటి కూడా చెప్పగలను: ఆ రోజు మనం ఎవరి "తక్కువ స్థితి" జాబితాలో ఉన్నామో మనకు తెలియదు.

ఆగస్టులో ఒక సాయంత్రం మే నెల పుటలు తిరగేస్తుంటే, గడిలోని "నర్సు" అన్న మాట మళ్లీ కంటపడింది. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు స్వస్థత పొందితే ఒక్క సమరయుడే వందనం చెప్పడానికి తిరిగివచ్చిన కథను ప్రసంగాలలో కృతఘ్నతకు ఉదాహరణగా వింటూ వచ్చాము. నిదానంగా చదివితే, ఆ తొమ్మిదిమంది ప్రభువు మాట మీరినవారు కారు. యాజకులకు కనపరచుకోండి అని ఆయన చెప్పిన చోటికే వెళుతున్నారు. నడుస్తూ మనసులో ఎంత సంతోషించారో మనకు తెలియదు. సమరయుడు చేసిన అదనపు పని ఒక్కటే, వెనక్కి నడవడం. నేనూ మనసులో ఆవిడకు ఎన్నోసార్లు వందనాలు చెప్పుకున్నాను, ప్రార్థనలో చెప్పాను, పుటలో వ్రాశాను. వెనక్కి మాత్రం నడవలేదు. పైగా ఆ సమరయుడికి స్వస్థత కలిగింది. నాకు అడిగినది దొరకలేదు. దొరకని చోటికి వందనం చెప్పడానికి వెళ్లాలా అని రెండు రోజులు ఆలోచించాను.

రాత్రి డ్యూటీ మారే వేళ చూసుకుని వెళ్లాను. ఆవిడ నన్ను గుర్తుపట్టారు. వచ్చిన పని చెప్పబోతే మాట పూర్తికాకుండానే, "నాన్నగారి కళ్లజోడు మా సొరుగులో ఉండిపోయిందండీ, ఫోను చేస్తే మీ నంబరు కలవలేదు" అని తీసి ఇచ్చారు. ఒక గాజుకు పగులు ఉన్న కళ్లజోడు, దూది చుట్టి, కాగితం సంచిలో పెట్టి, పైన మంచం నంబరు వ్రాసి ఉంచారు. చెప్పవలసిన మాట చివరికి చెప్పాను. పేరు అడిగి తెలుసుకున్నాను. ఇంటికి వచ్చి మే నెల పుట తెరిచి, గడిలో "నర్సు" అన్న మాట పక్కన ఆ పేరు వ్రాశాను. గడిలో చోటు చాలక చివరి అక్షరం గీత దాటింది.

ఈ డైరీకే అనుబంధంగా ఒక మొబైల్ యాప్ కూడా ఉంది. మూడు వారాలు వాడాను. రోజూ రాత్రి తొమ్మిదికి "మీరు ఈరోజు ఇంకా కృతజ్ఞతలు చెప్పలేదు" అని గంట కొడుతుంది. "ఎవరి ద్వారా?" గడి అందులో లేదు. తీసేశాను.

ఎవరు కొనవచ్చో చెప్పాలంటే, నాలాగా ప్రార్థనంటే అడగడమే అన్న అలవాటులో స్థిరపడినవారికి ఇది ఆరు నెలల పాటు ఖచ్చితంగా పనికివస్తుంది. కుటుంబ ప్రార్థనలో పిల్లలతో కలిసి వాడవచ్చు. పిల్లలు మేలుల గీతలకంటే గడిని త్వరగా నింపుతారు, పెద్దలలాగా "దేవుడు" అని వ్రాసి తప్పించుకోరు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి ఇస్తే, కీర్తనల గ్రంథం కూడా పక్కన పెట్టి ఇవ్వండి, ఈ పుస్తకం వదిలేసిన సగం అందులో ఉంది. దుఃఖంలో ఉన్నవారికి బహుమతిగా మాత్రం దీన్ని పంపవద్దు. ఎంత ప్రేమతో పంపినా, ఆ మూడు ఖాళీ గీతలు వాళ్లకు ప్రశ్నాపత్రంలా కనిపిస్తాయి.

అయిదు నక్షత్రాలలో మూడు ఇస్తున్నాను. అందులో ఒకటి వరుసకు, మేలులను విన్నపం కంటే పైన ఉంచినందుకు. రెండు ఆ గడికి. వచ్చే సంవత్సరానికి మళ్లీ ఇదే కొనను. బల్ల మీద చక్కగా తెరుచుకునే మామూలు నోటుపుస్తకం ఒకటి తెచ్చి పెట్టుకున్నాను. జనవరి పుటల వరకు పెన్సిలుతో గీతలు కొట్టడం అయింది, పైన ఒకటి, కింద మూడు, అడుగున రెండు. గడిని మాత్రం రెండింతలు చేశాను.